గేమ్ ఆగిందా? నెట్‌వర్కింగ్ పాఠం మొదలైనట్టే!

ఇంట్లో ప్లేస్టేషనో, ఎక్స్‌బాక్సో వైఫైకి కనెక్ట్ కాకపోతే రౌటర్ ఆపి ఆన్ చేయడం అందరికీ తెలిసిందే. అదే సమస్యను ఒక క్రమంలో పట్టుకోవడం నేర్చుకుంటే గేమ్ నడుస్తుంది. టెక్ సపోర్ట్, నెట్‌వర్క్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవమూ మిగులుతుంది.

‘‘కస్టమర్ ఫోన్ చేసి ఇంటర్నెట్ రావడం లేదన్నాడు. మీరేం చేస్తారు?’’

టెక్ సపోర్ట్, నెట్‌వర్క్ ఆపరేషన్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ‘రౌటర్ రీస్టార్ట్ చేయమంటాను సార్’ అన్నది వెంటనే నోటికొచ్చే జవాబు. అందులో తప్పేం లేదు. కానీ ఆ వెంటనే ‘రీస్టార్ట్ చేశాడు, అయినా రాలేదు. ఇప్పుడు?’ అని ఇంకో ప్రశ్న వస్తుంది. ఓఎస్ఐ మోడల్‌లోని ఏడు లేయర్ల పేర్లను గడగడా అప్పజెప్పినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. పేర్లు తెలుసు కానీ, వాటితో పనేంటో ఎప్పుడూ చేసి చూడలేదు.

చేసి చూడటానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఇంట్లో వైఫైతో పేచీ పెట్టే గేమ్ కన్సోల్ ఉంటే చాలు. మీకు లేకపోతే కజిన్ ఇంట్లోనో, ఫ్రెండ్ రూమ్‌లోనో ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లే కానక్కర్లేదు. ఈసీఈ, మెకానికల్, డిగ్రీ విద్యార్థులు ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

అసలు కిటుకు ఒక్కటే. కన్సోల్ నుంచి గేమ్ సర్వర్ వరకు ఉన్న దారిని ముక్కలు చేసుకోవాలి. ఏ ముక్క వరకు బాగుంది, ఎక్కడ తెగింది అన్నది తేల్చాలి. చోటు తెలిస్తే రిపేరు సగం అయిపోయినట్టే.

ముందు ప్రశ్నలు, తర్వాతే సెట్టింగ్స్

సమస్య చెప్పగానే సెట్టింగ్స్‌లోకి దూరిపోకండి. ముందు మూడు సంగతులు తెలుసుకోండి.

* ఎవరికి రావడం లేదు? అదే వైఫైలో ఫోన్, ల్యాప్‌టాప్ పనిచేస్తున్నాయా? పనిచేస్తుంటే ఇంటర్నెట్ లైను బాగానే ఉన్నట్టు. అనుమానం కన్సోల్ మీదికి, లేదా కన్సోల్‌కీ రౌటర్‌కీ మధ్యకి వస్తుంది. ఏదీ పనిచేయకపోతే కన్సోల్‌ని వదిలేసి రౌటర్ దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి చూడటం మరచిపోవద్దు. లేదంటే వైఫై చచ్చిపోయినా ఫోన్‌లో అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.
* ఎప్పటి నుంచి? నిన్నటి వరకు బాగుందా, మొదటి నుంచీ ఇంతేనా? రాత్రిపూట మాత్రమే ఇబ్బందా?
* మధ్యలో ఏం మారింది? వైఫై పాస్‌వర్డ్ మార్చారా? కొత్త రౌటర్ వచ్చిందా? టీవీ యూనిట్ జరిపారా? కరెంటు పోయి వచ్చిందా?

దీంతోపాటు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ సంస్థలు తమ సర్వీసుల పరిస్థితి తెలిపే పేజీలు నడుపుతున్నాయి. ఫోన్‌లో అది ఒకసారి చూడండి. సర్వర్లే ఆగిపోతే మీ రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు.

తర్వాత కన్సోల్‌లోనే ఉన్న పరీక్ష నడపండి. ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, కనెక్షన్ స్టేటస్‌లోకి వెళ్తే ‘టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్’ ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఇలాంటిదే ఉంది. ప్లేస్టేషన్ ఈ పరీక్షలో ఐపీ అడ్రస్ దొరికిందా, ఇంటర్నెట్ అందిందా, ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో సైన్ ఇన్ అయిందా, నాట్ టైప్ ఏంటి, డౌన్‌లోడ్, అప్‌లోడ్ స్పీడ్ ఎంత అని ఒక్కో వరుసలో చూపిస్తుంది. ఏ వరుసలో ‘ఫెయిల్డ్’ అని వచ్చిందో అదే మీకు దారి చూపే గుర్తు.

మొదటి ముక్క: కన్సోల్ నుంచి రౌటర్ వరకు

వైఫై పేరే లిస్టులో కనిపించడం లేదా? అయితే కన్సోల్ ఏ మోడలో చూడండి. 2013లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 4కి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మాత్రమే అందుతుంది. 2016లో వచ్చిన స్లిమ్, ప్రో మోడళ్ల నుంచే 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకుంటుంది. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉంటే పాత కన్సోల్‌కి ఆ వైఫై ఉన్నట్టే తెలియదు. చెడిపోయిందనుకుని రిపేరు షాపుకి తీసుకెళ్లాల్సిన పని లేదు. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్ చేస్తే సరి.

పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ కూడా కరెక్టే, అయినా కనెక్ట్ కావడం లేదా? రౌటర్ సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత కన్సోళ్లు లోపలికి రాలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మోడ్ పెట్టండి. సెక్యూరిటీ మొత్తం తీసేసి వైఫైని ఓపెన్‌గా వదిలేయడం మాత్రం పరిష్కారం కాదు.

కనెక్ట్ అవుతోంది కానీ మాటిమాటికీ తెగిపోతోందా? అప్పుడు సిగ్నల్ సంగతి చూడాలి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటే శక్తి తక్కువ. హాల్లో రౌటర్, రెండు గోడల అవతల బెడ్‌రూమ్‌లో కన్సోల్ ఉంటే 2.4 గిగాహెర్ట్జే నిలకడగా ఉండొచ్చు. దాని చిక్కు దానిది. అపార్టుమెంట్లో పక్కింటివాళ్లు, పైఇంటివాళ్లు అందరూ అదే బ్యాండ్‌లో ఉంటారు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 ఛానళ్లే. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుంటే వీటిలో ఏది ఖాళీగా ఉందో తెలుస్తుంది.

కన్సోల్ వెనక యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పెట్టారా? ఆ కేబుళ్లు, పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని దెబ్బతీస్తుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. హార్డ్‌డిస్క్ పీకేసి ఒకసారి పరీక్షించండి. తేడా కనిపిస్తే దాన్ని కన్సోల్‌కి కాస్త దూరంగా పెట్టుకోండి.

ఈ ముక్కలో అన్నిటికంటే తిరుగులేని పరీక్ష లాన్ కేబుల్. కన్సోల్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి. కేబుల్‌తో బాగుండి వైఫైతో బాగోలేదంటే తప్పు గాలిలోనే ఉన్నట్టు. కేబుల్ లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌కి కన్సోల్‌ని కనెక్ట్ చేయండి. అక్కడ పనిచేస్తే కన్సోల్ వైఫై బాగుందని రుజువైనట్టే. అయితే ముందే ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ ఆపేయండి. ఒక్క గేమ్ అప్‌డేట్ చాలు, ఆ రోజు డేటా అంతా ఊడ్చేస్తుంది.

హాస్టల్లో ఉన్నవాళ్లకి

వైఫైకి కనెక్ట్ కాగానే బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరుచుకునే చోట కన్సోళ్లు ఇబ్బంది పెడతాయి. కాలేజీ నెట్‌వర్క్ ప్రతి విద్యార్థికీ వేరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే ఎంటర్‌ప్రైజ్ పద్ధతిలో ఉంటే గేమ్ కన్సోళ్లు అసలు కనెక్టే కావు. మీ తప్పు కాదు, కన్సోల్ తప్పూ కాదు. కన్సోల్ మ్యాక్ అడ్రస్ నమోదు చేసి అనుమతిస్తారేమో నెట్‌వర్క్ అడ్మిన్‌ని అడగండి. అనుమతి లేకుండా రూమ్‌లో సొంత రౌటర్ పెడితే మొత్తం ఫ్లోర్ నెట్‌వర్క్‌కే చిక్కులు రావొచ్చు.

రెండో ముక్క: అడ్రస్ దొరికిందా?

సిగ్నల్ నిండుగా ఉంది, కానీ ‘ఐపీ అడ్రస్’ వరుసలో ఫెయిల్డ్ అని వచ్చింది. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ అనే సర్వీసు ప్రతి పరికరానికీ ఒక అడ్రస్ ఇస్తుంది. అది అందలేదన్నమాట. మామూలుగా ఇంట్లో 192.168తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది. 169.254తో మొదలైతే పరికరానికి రౌటర్ నుంచి జవాబు రాక తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందని అర్థం. ఇది ఇంటర్వ్యూల్లో బాగా అడిగే పాయింటు, గుర్తుపెట్టుకోండి.

ఏం చేయాలి? కన్సోల్‌లో ఎప్పుడో చేత్తో పెట్టిన అడ్రస్ ఉంటే తీసేసి ‘ఆటోమేటిక్’ చేయండి. కన్సోల్‌లో ఆ వైఫైని మరిచిపోయేలా చేసి మళ్లీ కలపండి. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ ఆన్‌లో ఉందేమో, పరికరాల సంఖ్యకి పరిమితి పెట్టారేమో చూడండి. ఆ తర్వాత రీస్టార్ట్.

ఇక్కడో హెచ్చరిక. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రౌటర్ వెనక పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం రీసెట్ కోసం. అది నొక్కితే సెట్టింగ్స్ అన్నీ చెరిగిపోతాయి. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లోనే ఉంటాయి. అవి పోతే ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ ఆగిపోతుంది. టెక్నీషియన్ వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ వివరాలు ముందే రాసి పెట్టుకోకుండా ఆ రంధ్రం జోలికి పోవద్దు.

మూడో ముక్క: రౌటర్ నుంచి బయటికి

అడ్రస్ ఉంది, ఇంటర్నెట్ లేదు. ఫోన్‌కి కూడా లేకపోతే ఫైబర్ బాక్స్ లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ నుంచి వెలుతురు అందడం లేదని అర్థం. కేబుల్ ఎక్కడో తెగి ఉండొచ్చు, వంగి ఉండొచ్చు. ఇంట్లో చేసేదేం లేదు, కంప్లయింట్ పెట్టడమే. ‘నెట్ రావడం లేదండీ’ అనే బదులు ‘ఎల్ఓఎస్ లైటు ఎర్రగా ఉంది’ అని చెప్పి చూడండి. అవతలివాళ్లకి ఏ పనిమీద రావాలో వెంటనే అర్థమవుతుంది.

లైట్లు బాగున్నాయి, అయినా సైట్లు తెరుచుకోవడం లేదంటే డీఎన్ఎస్‌ని అనుమానించాలి. పేర్లను అడ్రస్‌లుగా మార్చే ఫోన్ డైరెక్టరీ లాంటిది ఇది. కన్సోల్‌లో డీఎన్ఎస్‌ని మాన్యువల్ చేసి గూగుల్ వాళ్ల 8.8.8.8 గానీ, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 గానీ పెట్టి చూడండి. దీంతో పనిచేస్తే మీ ప్రొవైడర్ డీఎన్ఎస్ దగ్గరే ఇబ్బంది ఉన్నట్టు. ‘డీఎన్ఎస్ మారిస్తే స్పీడ్ పెరుగుతుంది’ అనే ప్రచారం మాత్రం నమ్మకండి. పేరు వెతికే సమయం కాస్త తగ్గొచ్చు కానీ, ఆట మధ్యలో ల్యాగ్ దాంతో పోదు.

ఇదంతా ల్యాప్‌టాప్‌లోనూ చేసి చూసుకోండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే మీ అడ్రస్, గేట్‌వే కనిపిస్తాయి. ముందు గేట్‌వేని పింగ్ చేయండి. తర్వాత 8.8.8.8ని, ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుని. మొదటిది రాకపోతే సమస్య ఇంట్లోనే అని అనుమానించాలి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే బయటి లైనులో. మొదటి రెండూ వచ్చి, మూడోసారి ఆ పేరుకి అడ్రసే దొరకలేదని వస్తే డీఎన్ఎస్‌లో. మూడు కమాండ్లతో మూడు ముక్కలు విడిపోయాయి!

నాలుగో ముక్క: ఆట నడుస్తోంది, ఫ్రెండ్స్ కలవడం లేదు

అన్నీ ‘సక్సెస్‌ఫుల్’. కానీ పార్టీ చాట్‌లో గొంతు వినపడదు, ఫ్రెండ్ గేమ్‌లోకి వెళ్లడం కుదరదు. ఇది నాట్ సంగతి. ఇంట్లో పది పరికరాలున్నా బయటి ప్రపంచానికి ఒకే అడ్రస్ కనిపించేలా రౌటర్ చేసే పనే నాట్. ప్లేస్టేషన్‌లో టైప్ 2 ఉంటే రౌటర్ వెనక ఉన్న ఇంటికి అది మామూలే. టైప్ 3 అయితే ఇబ్బందులు వస్తాయి. ఎక్స్‌బాక్స్‌లో దీన్నే ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్ అంటారు.

ముందు రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లోనే ఉందా? అయితే రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ ఏదో చూసుకోండి. ఫోన్‌ని అదే వైఫైలో ఉంచి, పబ్లిక్ ఐపీ చూపించే సైట్లో కనిపించే అడ్రస్‌తో పోల్చండి. రెండూ ఒకటే అయితే మంచిదే. వేరైతే మీ రౌటర్‌కి అవతల ఇంకో నాట్ ఉంది.

ఇది రెండు రకాలుగా జరుగుతుంది. ప్రొవైడర్ ఇచ్చిన ఫైబర్ బాక్సే ఒక రౌటర్. దానికి మనం కొన్న రౌటర్ తగిలిస్తే డబుల్ నాట్ అవుతుంది. మన రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే సరిపోతుంది. రెండోది, వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవడం. ఐపీవీ4 అడ్రస్‌ల కొరత వల్ల ప్రొవైడర్ చాలామంది కస్టమర్లని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఉంచుతున్నాడని అర్థం. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. అప్పుడు మీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా వృథా. పబ్లిక్ ఐపీ ఇస్తారా అని ప్రొవైడర్‌ని అడగడమే దారి.

స్పీడ్ ఉంది, ల్యాగ్ ఎందుకు?

‘100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం, అయినా ల్యాగ్’ అన్నది రోజూ వినే ఫిర్యాదు. ముందు లెక్క చూద్దాం. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 100 ఎంబీపీఎస్‌లో సెకనుకి 12.5 మెగాబైట్లే వస్తాయి. 50 జీబీ గేమ్ దిగాలంటే లైను పూర్తి వేగంతో నడిచినా గంట దాటుతుంది.

ఆట మధ్యలో కావాల్సింది ఇంత వేగం కాదు. పంపిన సమాచారం ఎంత త్వరగా వెళ్లి తిరిగొస్తుందన్నదే ముఖ్యం. దాన్ని లేటెన్సీ అంటారు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 3,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికే కనీసం 30 మిల్లీసెకన్లు. ప్లాన్ ఎంత పెంచినా ఇది తగ్గదు. గేమ్‌లో దగ్గరి సర్వర్ ఎంచుకునే వీలుంటే అది చేయాలి.

పింగ్ ఒకసారి 30, మరోసారి 200 అని ఊగుతోందా? గేట్‌వేని వంద సార్లు పింగ్ చేయండి. అక్కడే ఊగుతుంటే మీ వైఫైదే తప్పు. అక్కడ నిలకడగా ఉండి బయట ఊగుతుంటే, ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కి ఎక్కిస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే ఆట ప్యాకెట్లు క్యూలో నిలబడాల్సిందే.

ఒకసారికి ఒకే మార్పు

ఛానల్, డీఎన్ఎస్, బ్యాండ్ మూడూ ఒకేసారి మార్చి సమస్య పోయిందనుకుందాం. ఏది పనిచేసిందో తెలియదు. రేపు మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. అందుకే ఒకటి మార్చాలి, పరీక్షించాలి, రాసుకోవాలి. ఫలితం లేకపోతే పాత సెట్టింగ్ తిరిగి పెట్టి ముందుకెళ్లాలి. రాసుకునేది ఇలా ఉంటే చాలు:

* సమస్య: రాత్రి 8 తర్వాత కన్సోల్ వైఫై తెగిపోతోంది. ఫోన్లు బాగున్నాయి.
* పరీక్ష 1: లాన్ కేబుల్‌తో గంట ఆడాం. ఒక్కసారీ తెగలేదు.
* పరీక్ష 2: ఎనలైజర్‌లో చూస్తే మన ఛానల్ 6లోనే చుట్టుపక్కల నెట్‌వర్కులు ఎక్కువ.
* మార్పు: ఛానల్ 11.
* ఫలితం: మూడు రాత్రులు గమనించాం. తెగలేదు.

ఉద్యోగంలో దీన్నే టికెట్ అంటారు. మీ షిఫ్టు అయిపోయాక వచ్చే సహోద్యోగి ఇది చదివే పని కొనసాగిస్తాడు. కాంప్‌టియా సంస్థ నెట్‌వర్క్ ప్లస్ సర్టిఫికేషన్‌లో బోధించే క్రమం కూడా ఇంచుమించు ఇదే. సమస్యను గుర్తించడం, కారణం ఊహించడం, పరీక్షించడం, అమలు చేయడం, అంతా సరిగ్గా పనిచేస్తోందని నిర్ధారించుకోవడం, రాసిపెట్టడం.

ఇంటర్వ్యూలో చెప్పేదెలా?

మొదటి ప్రశ్నకి మళ్లీ జవాబు చెప్పి చూడండి. ‘‘ముందు ఒక్క పరికరానికేనా, అన్నింటికీనా అని అడుగుతాను. ఒక్కదానికే అయితే సిగ్నల్, ఐపీ అడ్రస్ చూస్తాను. అన్నింటికీ అయితే ఫైబర్ బాక్స్ లైట్లు అడుగుతాను. తర్వాత గేట్‌వే, బయటి ఐపీ, వెబ్‌సైట్ పేరు వరసగా పింగ్ చేయిస్తాను. ఎక్కడ ఆగితే అక్కడ వెతుకుతాను. మా ఇంట్లో కన్సోల్‌కి ఇలాంటి సమస్యే వస్తే ఇలా కనిపెట్టాను...’’ ఇక్కడ మీ నోట్సులోని ఉదాహరణ చెప్పండి. ఇంగ్లిష్‌లో రెండు నిమిషాల్లో చెప్పేలా నాలుగైదుసార్లు బయటికి అనుకుని ప్రాక్టీస్ చేయండి.

రెజ్యూమెలో ‘గేమింగ్’ అని హాబీగా రాస్తే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ‘హోమ్ నెట్‌వర్క్‌లో వైఫై, డీహెచ్‌సీపీ, నాట్ సమస్యలు గుర్తించి సరిచేశాను’ అని రాస్తే దానిమీద ప్రశ్న వచ్చే అవకాశం ఉంటుంది. చేయనిది మాత్రం రాయొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఆ తర్వాత ఏం నేర్చుకోవాలి?

ఇంట్లో చూసినదానికి థియరీ జోడించండి. ఎన్‌పీటీఈఎల్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో నమోదైతే ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రౌటర్లు, స్విచ్‌లతో నెట్‌వర్కులు కట్టి, కావాలనే చెడగొట్టి, బాగుచేయొచ్చు. వైర్‌షార్క్ కూడా ఉచితమే. మీ ల్యాప్‌టాప్ అడ్రస్ అడగడం, రౌటర్ ఇవ్వడం అందులో కళ్లారా చూడొచ్చు. పట్టు వచ్చాక సీసీఎన్ఏ పరీక్ష గురించి ఆలోచించండి. సర్టిఫికెట్ ముందు, అవగాహన తర్వాత అనుకుంటే డబ్బు దండగ.

ఫ్రెషర్లు సాధారణంగా ఎల్1 స్థాయిలో మొదలవుతారు. హెల్ప్‌డెస్క్, బ్రాడ్‌బ్యాండ్ సపోర్ట్, నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ లాంటివి ఈ కోవలోనివే. రాత్రి షిఫ్టులు ఉండొచ్చు, విసుగెత్తిన కస్టమర్లతో మాట్లాడాల్సి రావొచ్చు. తెలిసి వెళ్లడం మంచిది. ఇక్కడ పట్టు సాధించినవాళ్లకి నెట్‌వర్క్ ఇంజినీర్, సెక్యూరిటీ, క్లౌడ్ వైపు దారులు తెరుచుకుంటాయి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లోవాళ్ల పనికి ఇబ్బంది లేని సమయం చూసుకుని, కన్సోల్‌లో నెట్‌వర్క్ పరీక్ష నడిపి ప్రతి వరుసా నోట్సులో రాయండి. ల్యాప్‌టాప్‌లో ఆ మూడు పింగ్‌లు చేయండి. అన్నీ బాగుండగా తీసుకున్న ఆ అంకెలే, రేపు ఏదైనా చెడినప్పుడు తేడా ఎక్కడుందో చెబుతాయి.